కాన్పు తర్వాత జుట్టు ఊడుతుంటే
కాన్పయిన మూడో నెలలో దువ్వెన నిండా జుట్టు వస్తోందని షాంపూ మార్చకండి, తప్పు దానిది కాదు. గర్భంతో ఉన్నప్పుడు పెరిగిన ఈస్ట్రోజన్ హార్మోన్, మామూలుగా రోజుకు 50 నుంచి 100 దాకా రాలే వెంట్రుకల్లో చాలావాటిని ఆపి ఉంచుతుంది. కాన్పుతో అది ఒక్కసారిగా పడిపోతుంది. ఆగినవన్నీ విశ్రాంతి దశలోకి వెళ్లి, రెండు నుంచి నాలుగు నెలలకు మూకుమ్మడిగా ఊడతాయి. కుదుళ్లు చచ్చిపోవు కాబట్టి బట్టతల భయం అక్కర్లేదు. నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయంటే కొత్తవి వస్తున్నట్టే. చాలామందికి బిడ్డ మొదటి పుట్టినరోజుకల్లా సర్దుకుంటుంది.

అప్పటికీ తగ్గకపోయినా, ఒక్కోచోట గుండ్రంగా ఊడిపోయినా, విపరీతమైన నీరసం ఉన్నా డాక్టరును కలిసి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకోండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, థైరాయిడ్ ఫలితాన్ని అవి తారుమారు చేయగలవు. పాలిస్తున్నప్పుడు జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ మందు సొంతంగా మొదలుపెట్టొద్దు. జడ వదులుగానే వేసుకోండి.

ఇంకోటి, పెద్దగా ఎవరూ చెప్పనిది: రాలిన వెంట్రుక బిడ్డ కాలివేలికి చుట్టుకుని రక్తప్రసారాన్ని ఆపేయగలదు. ఎందుకో తెలియకుండా ఏడుస్తుంటే సాక్సులు తీసి వేళ్లు చూడండి. వేలు ఉబ్బి రంగు మారి, వెంట్రుక తేలిగ్గా రాకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.