ఉద్యోగంలో మార్పు వచ్చినప్పుడు మనసును అందుకు తగ్గట్టు మలచుకోవడం ఎలా?

ఉద్యోగంలో మార్పు తరచుగా ఒక కాగితంగానో మెయిల్‌గానో వస్తుంది. ఫలానా తేదీ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వాడాలనో, మీ విభాగం మరో విభాగంలో కలిసిపోయిందనో, మీ పోస్టే రద్దయిందనో అందులో ఉంటుంది. ఆ తేదీ రాగానే కుర్చీ, పై అధికారి, చేసే పని మారిపోతాయి గానీ మనసు మాత్రం ఇంకా పాతచోటే కూర్చుని ఉంటుంది. అమెరికాకు చెందిన రచయిత, సంస్థల సలహాదారు విలియం బ్రిడ్జెస్ ఈ తేడాను విడదీసి చెప్పారు. బయట జరిగే మార్పు ఒకటి, దానికి అనుగుణంగా లోపల జరిగే పరివర్తన మరొకటి. ఈ రెండోది పాతదాన్ని వదులుకోవడంతో మొదలై, ఎటూ తేలని ఒక సంధికాలాన్ని దాటి, ఆ తరువాతే కొత్త ఆరంభానికి చేరుతుంది. మార్పుకు తగ్గట్టు మలచుకోవడమంటే ఈ సంధికాలాన్ని సరిగా గడపగల నేర్పే తప్ప, దేనికీ చలించని స్వభావం కాదు. నేర్పు కనుక దాన్ని ఎవరైనా అలవరచుకోవచ్చు.

1. పోయినదేమిటో ముందు రాయండి

చాలామంది ఈ మెట్టును వదిలేసి, తమకు తాము ధైర్యం చెప్పుకోవడంతో మొదలుపెడతారు. తప్పటడుగు అక్కడే పడుతుంది. ఒక మొత్తం చేతికి వచ్చినప్పటి సంతోషం కంటే అంతే మొత్తం చేజారినప్పటి బాధ బరువైనదని మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లో వివరించారు. కొత్త పోస్టులో నాలుగు మంచి విషయాలు కనిపిస్తున్నా, పోయిన ఒక్కటే కళ్ళ ముందు మెదలడానికి కారణం ఇదే. ఇది పిరికితనం కాదు, మనసు లెక్క కట్టే తీరే అంత.

కాబట్టి 'అంతా పోయింది' అన్న మాటను ముక్కలు చేయండి. పోయింది జీతంలో కొంత భాగమా, రోజూ కలిసి పనిచేసిన మనుషులా, ఇంటికి చేరే వేళా, లేక 'ఈ విషయం ఆయన్ని అడిగితే తెలుస్తుంది' అని ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న పేరా? చివరిదే అన్నింటికంటే ఎక్కువగా బాధిస్తుందని, దాన్నే మనం అన్నింటికంటే ఆలస్యంగా ఒప్పుకుంటామని నా అభిప్రాయం.

రాయడం వల్ల ప్రయోజనం ఉందనడానికి ఆధారం కూడా ఉంది. ఉద్యోగం పోగొట్టుకున్న వృత్తినిపుణులతో మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్, ఆయన సహపరిశోధకులు చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. ఉద్యోగం పోవడం గురించి తమ మనసులో ఉన్నది వరుసగా 5 రోజులు, రోజుకు 20 నిమిషాల చొప్పున రాసినవారికి, అలా రాయనివారి కంటే త్వరగా కొత్త ఉద్యోగాలు దొరికాయి. వెతికే ఉత్సాహం పెరిగినందువల్ల కాక, పాత కొలువు పట్ల, కొత్తది దొరకడం పట్ల వారి ధోరణి మారినందువల్ల ఇలా జరిగినట్టు కనిపించిందని పరిశోధకులు పేర్కొన్నారు. మీరూ ఐదు రోజులు రాయండి. అక్షరదోషాలు దిద్దకండి, ఎవరికీ చూపించకండి.

2. చేతిలో ఉన్నదాన్ని, లేనిదాన్ని వేరుచేయండి

ఇది చిన్న పని, పావుగంటలో అయిపోతుంది. సంస్థ తీసుకున్న నిర్ణయం మీ చేతిలో లేదు. కొత్త పనిలో మొదట ఏది నేర్చుకోవాలో, ఏ సందేహాన్ని ఎవరి ముందు పెట్టాలో మీ చేతిలో ఉంది. మొదటి రకం విషయాల గురించి సహోద్యోగులతో మాట్లాడుకోవడం తప్పు కాదు గానీ, రోజంతా అదే మాట్లాడుతుంటే రెండోదానికి సమయం మిగలదు.

3. మీ నైపుణ్యాన్ని పనిముట్టు నుంచి విడదీయండి

1979లో విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ ఆపిల్ 2 కంప్యూటర్ మీద పనిచేసేలా విడుదలైంది. అంతకుముందు పొడవాటి గళ్ళ కాగితాల మీద లెక్కలు వేసేవారు ఒక అంకె మారితే దానిమీద ఆధారపడ్డ మొత్తాలన్నీ చెరిపి, మళ్ళీ కూడుకుంటూ రావలసి వచ్చేది. ఆ పనిని ఈ ప్రోగ్రామ్ కొన్ని క్షణాల్లో చేసి చూపించింది. అటువంటి సమయంలో 'తప్పులేకుండా, వేగంగా కూడటమే నా విద్య' అనుకునే మనిషికి కాళ్ళ కింద నేల కదిలినట్టే ఉంటుంది. 'ఈ అంకెల వెనుక ఏం జరుగుతోందో చెప్పగలగడం నా విద్య' అనుకునే మనిషికి అదే యంత్రం కొత్త పనిముట్టుగా కనిపిస్తుంది. ఇద్దరి అనుభవమూ ఒకటే కావచ్చు. తమ పనికి తాము పెట్టుకున్న పేరులోనే తేడా ఉంది.

గడచిన సంవత్సరంలో మీరు చేసిన పది పనులను ఈ దృష్టితో రాసుకోండి. హోదా పేరు, సాఫ్ట్‌వేర్ పేరు, విభాగం పేరు రాయకుండా, ఏం చేశారో మాత్రమే రాయాలి. 'బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆపరేటర్‌ని' అనే బదులు 'పలుచోట్ల నుంచి వచ్చే వివరాలను సరిపోల్చి తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోగలను, కోపంగా ఉన్న కస్టమర్‌కు ఆ తప్పును అర్థమయ్యేలా వివరించగలను' అని రాస్తే, పోస్టు మారినా మీ వెంట వచ్చేదేమిటో తేలుతుంది. ఏ పనికీ అలాంటి వాక్యం కుదరకపోతే అదీ పనికొచ్చే సమాచారమే. నేర్చుకోవలసినది ఎక్కడ ఉందో అది చూపిస్తుంది.

4. కొత్తదాన్ని చిన్న మోతాదులో, రోజూ సాధన చేయండి

ఆత్మవిశ్వాసం వచ్చాక పని మొదలుపెడదామనుకుంటే ఆ రోజు రాదు. తన శక్తి మీద మనిషికి నమ్మకం కలగడానికి అన్నింటికంటే బలమైన ఆధారం స్వయంగా ఒక పనిని చేసి నెగ్గిన అనుభవమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించారు. కాబట్టి నెగ్గగలిగినంత చిన్న పనిని ఎంచుకోండి. కొత్త సాఫ్ట్‌వేర్ మొత్తం నేర్చుకోవాలనుకోవడం కంటే, ఈ వారం ఒక్క నివేదికను అందులో తయారుచేయాలనుకోవడం మేలు. సమయాన్ని కూడా ముందే ఖాయం చేయండి: 'ఉదయం మెయిళ్ళు చూడటం పూర్తికాగానే 20 నిమిషాలు ఇదే పని' అన్నట్టు ఉండాలి.

కొత్త పని అలవాటుగా మారడానికి ఎన్నాళ్ళు పడుతుందన్న ప్రశ్నకు 21 రోజులనే జవాబు బాగా ప్రచారంలో ఉంది. దాన్ని నమ్మితే 22వ రోజున నిరాశ తప్పదు. ఫిలిపా లాలీ బృందం లండన్‌లో 96 మందితో చేసి, 2010లో ప్రచురించిన పరిశోధనలో ఒక రోజువారీ అలవాటు అప్రయత్నంగా సాగే స్థాయికి చేరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి ఆ కాలం 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ కనిపించలేదు.

అనుభవజ్ఞులకు ఇక్కడ మరో ఇబ్బంది ఎదురవుతుంది. నిన్నటిదాకా నలుగురికి నేర్పిన మనిషి, తనకంటే వయసులో చిన్నవాళ్ళ పక్కన కూర్చుని 'ఇది నాకు తెలియదు, ఒకసారి చూపిస్తారా?' అని అడగాలి. ఆఫీసులో ఇంతకంటే కష్టమైన వాక్యం లేదేమో. మొదటి వారంలోనే అడిగేయండి. ఆరో నెలలో అదే ప్రశ్న అడగడం ఇంకా కష్టం.

5. అప్పుడప్పుడు మాత్రమే కలిసేవారిని పలకరించండి

దగ్గరి మిత్రులకు తెలిసినవి చాలావరకు మీకూ తెలిసే ఉంటాయి. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ పరిశీలించి 1973లో ప్రచురించిన వివరాల ప్రకారం, సమాచారమిచ్చిన వ్యక్తిని ఆ రోజుల్లో తరచుగా కలిసేవారు 17 శాతం కంటే తక్కువ. అప్పుడప్పుడు కలిసేవారు 55 శాతానికి పైగా, అరుదుగా కలిసేవారు దాదాపు 28 శాతం. పాత సహోద్యోగికి, శిక్షణలో పరిచయమైన వ్యక్తికి నెలకు ఒకరి చొప్పున రాయండి. ఉద్యోగం ఇప్పించమని కాదు, వారి చోట పని ఎలా మారుతోందో అడగండి.

6. సర్దుకుపోవడానికి హద్దు, సమీక్షకు తేదీ పెట్టుకోండి

మార్పుకు అలవాటుపడటమంటే పెట్టిన ప్రతి షరతుకూ తల ఊపడం కాదు. ఇద్దరి పని ఒక్కరి మీద పడినా, భద్రత లోపించినా, రావలసిన వేతనం రాకపోయినా లోపం మీ మనస్తత్వంలో లేదు. అప్పుడు చేయవలసినది లిఖితపూర్వకంగా అడగడమే. మిగిలిన సందర్భాల్లో కొత్త ఏర్పాటుకు మూడు నెలల గడువిచ్చి, ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. ఈలోగా ప్రతి సాయంత్రం 'ఉండాలా, వెళ్ళాలా' అన్న చర్చను తెరవకండి. ఆ రోజు వచ్చాక, మొదట ఐదు రోజులు రాసిన కాగితాలను, పది పనుల జాబితాను పక్కపక్కన పెట్టి చదవండి. పోయాయని రాసుకున్న వాటిలో ఎన్ని ఇంకా బాధిస్తున్నాయో, జాబితాకు కొత్తగా ఎన్ని పనులు చేరాయో చూసి, ఉండటమో వెళ్ళడమో అప్పుడు నిర్ణయించండి.