కాపలా మార్చుకోవడం: ఆటిజం పిల్లల అమ్మానాన్నలకు

మాది గుంటూరు బ్రాడీపేట. మా బాబుకి ఆటిజం. థెరపీ సెంటర్ల బయట బెంచీల మీద కూర్చునే అమ్మలందరికీ ఉన్న బాధే నాదీ. పని కన్నా కాపలా మనల్ని ఎక్కువ పీల్చేస్తుంది. వంటింట్లో ఉన్నా, స్నానం చేస్తున్నా, చెవి తలుపు గడియ మీదే. రోడ్డు మీదికి పోతాడేమో, గ్యాస్ తిప్పుతాడేమో! అందుకే "కాసేపు పడుకోవే" అని ఎవరన్నా అంటే పడుకుంటాం గానీ నిద్ర రాదు. ముందు ఆ కాపలా ఇంకొకరికి అప్పజెప్పాలి.

రోజూ ఒక గంట ఖాయం చేసుకోండి. మా ఇంట్లో రాత్రి ఏడు నుంచి ఎనిమిది దాకా మా ఆయన డ్యూటీ. ఆ గంట నేను ఇంట్లో ఉండను. ఉంటే బాబు నా కొంగే పట్టుకుంటాడు, ఆయన కూడా "వాడి టవల్ ఏది?" అని పిలుస్తారు. మేడ మీదికో, అరండల్‌పేట వైపు నడకకో వెళ్తాను. ప్రమాదమైతేనే ఫోన్ చేయాలని మాట. మొదట్లో పిల్లాడు ఏడుస్తాడు, తండ్రి కంగారుపడతాడు. వెంటనే వెనక్కి వెళ్లకండి. అన్నం కలపడంలో నాన్న పద్ధతి వేరు, దాన్ని దిద్దకండి కూడా.

భర్త ఊళ్లో లేకపోయినా, ఒంటరిగా పెంచుతున్నా, అయినవాళ్లను అడగాలి. ఊరికే సాయం కావాలంటే వాళ్లకేం తెలుస్తుంది? "పిన్నీ, శనివారం నాలుగింటి నుంచి ఐదింటి దాకా వాడి పక్కన కూర్చో, తిండీ స్నానం నేనే చూసుకుంటా" అనండి. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. వాడు ఏ శబ్దానికి భయపడతాడు (మా వాడికి మిక్సీ, దీపావళి టపాకాయలు), ఏది ఇస్తే కుదుటపడతాడు, దాహమేస్తే ఏ సైగ చేస్తాడు, ఏ మందు ఎప్పుడు వేయాలి, అన్నీ రాయండి. కూర్చునేవాళ్లకు ధైర్యం వచ్చేది ఆ కాగితంతోనే.

రాత్రుళ్లు కూడా వంతులే. ఒకరు వాడి దగ్గర, ఒకరు వేరే గదిలో. ఆటిజం పిల్లల్లో నిద్ర సమస్యలు చాలా మామూలు. సర్దుకుపోకుండా డాక్టరుకు చెప్పండి.

"కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశావో" అనే చుట్టాలకు జవాబు ఒక్కసారి గట్టిగా చెప్పాలి, అదీ అటు తరఫు వాళ్లకు భర్తే చెప్పాలి. ఆటిజం పెంపకం లోపం వల్ల రాదు.

ఇక ఈ మాట జాగ్రత్తగా వినండి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, తిండి, నిద్ర, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోతే, అది ఓపికతో తగ్గేది కాదు. ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. "వాణ్ని తీసుకుని నేనూ పోతే బాగుండు" అనిపించిందా, ఆ క్షణమే పిల్లాణ్ని పక్కింటివాళ్లకైనా అప్పజెప్పి ఆ నంబరుకు చేయండి. అలాంటి తలపు వచ్చినంత మాత్రాన మీరు చెడ్డ తల్లి కారు. దాన్ని లోపల దాచుకోవద్దు, అంతే.

అర్ధరాత్రి టెన్షన్‌లో సగం "మన తర్వాత వీడికి ఎవరు?" అన్నదే. దానికి కాగితాల పని మొదలుపెట్టండి. ముందు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు). తర్వాత ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన నిరామయ ఆరోగ్య బీమా, లక్ష రూపాయల దాకా వస్తుంది. పిల్లలకు 18 ఏళ్లు నిండాక, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. ఆ పేరు ఎవరిదో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. మా చెల్లెలు ఒప్పుకుంది. వాడికి తను బాగా అలవాటు కావాలని ఆదివారాలు వచ్చి తనే అన్నం పెడుతోంది.