నాన్న లాసిక్స్ మాత్ర, నా తూకం నోట్‌బుక్

గుండె పంపింగ్ తగ్గి, మోకాళ్ళ దాకా నీరు పట్టి నాన్న ఆస్పత్రిలో చేరినప్పుడు డాక్టరు గారు లాసిక్స్ 40 రాశారు, అంటే ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా బయటికి పంపే మాత్ర. మూడేళ్ళుగా ఆ మాత్ర ఇస్తున్నది నేనే. ఇంట్లో ఈ మాత్ర వాడేవాళ్ళకి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మాత్ర పొద్దున్నే వేయాలి. గంటలోపే మూత్రం మొదలై సుమారు ఆరు గంటల పాటు వస్తూ ఉంటుంది. రెండు పూటలా వేయమంటే రెండోది మధ్యాహ్నం రెండు, మూడింటికల్లా అయిపోవాలి. రాత్రి వేస్తే నిద్ర ఉండదు. పెద్దవాళ్ళు చీకట్లో బాత్రూమ్‌కి వెళ్తూ జారిపడే ప్రమాదం కూడా ఉంది.

అన్నిటికంటే ముఖ్యం తూకం. నాన్న లేచి, మూత్రానికి వెళ్ళొచ్చాక, కాఫీ తాగకముందే, రోజూ ఒకేలాంటి పలుచని లుంగీతో మిషనెక్కుతారు. మిషన్ చాప మీద కాదు, గట్టి నేల మీద ఉండాలి. నీరు లేనప్పుడు ఆయన బరువు 61 కిలోలు. ఒక్కరోజులో కిలో పెరిగినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా డాక్టరుకి ఫోన్ చేస్తాను. తర్వాత ముంగాలి ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి చూస్తాను. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోతే నీరు చేరినట్టే. అలాగని డాక్టరు చెప్పకుండా ఇంకో మాత్ర వేయను. ఒకరోజు మర్చిపోయినా మర్నాడు రెండు కలిపి వేయకూడదు.

బరువు తగ్గినా జాగ్రత్తే. ఆ సంగతి నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక మే నెలలో నాన్నకి రెండు రోజులు విరేచనాలయ్యాయి. గుండె మందు ఆపకూడదు కదా అని మాత్ర వేస్తూనే ఉన్నాను. మూడోరోజు మంచం దిగబోయి కళ్ళు తిరిగి కూలబడ్డారు. నాలుక ఎండి, తెల్లగా పూత కట్టింది. నోట్‌బుక్‌లో 58.4 అని నేనే రాసి పెట్టుకున్నాను, అర్థం చేసుకోలేదు! రక్తపరీక్షలో సోడియం, పొటాషియం పడిపోయాయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చి తిండీ నీళ్ళూ సరిగ్గా దిగకపోతే మాత్ర వేయాలా ఆపాలా అని అదే రోజు డాక్టరుని అడగండి.

మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అడిగి తెచ్చుకోకండి. అవి ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, కిడ్నీలనీ దెబ్బతీస్తాయి.

ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు తగ్గించకపోతే మాత్ర ఎంత లాగినా ఫలితం ఉండదు. నాన్న ఆవకాయ మానడానికి నెల పట్టింది. ఇప్పుడు పప్పులో నిమ్మకాయ పిండుతున్నాను. పొటాషియం కోసమని కొబ్బరినీళ్ళు, తక్కువ సోడియం ఉప్పు సొంతంగా మొదలుపెట్టకండి. పొటాషియంని ఒంట్లోనే ఆపే స్పైరోనోలాక్టోన్ అనే నీటి మాత్ర కూడా వాడేవాళ్ళకి పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. మోతాదు మారినప్పుడల్లా రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో అడిగి రాసుకోండి.

కండరాలు పట్టేసినా, గుండె దడగా ఉన్నా, చెవుల్లో హోరు వచ్చినా వెంటనే చెప్పాలి. పడుకుంటే ఆయాసం వచ్చినా, స్పృహ తప్పినా, మూత్రం ఆగిపోయినా ఫోన్లతో ఆలస్యం చేయకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు మాత్రల అట్టలన్నీ, తూకం నోట్‌బుక్కూ సంచిలో వేసుకోండి. నావి తలుపు పక్కన మేకుకే వేలాడుతుంటాయి.