పెళ్ళి బడ్జెట్ నేర్చుకుందాం – 3వ పాఠం: ‘వాళ్ళు’ అంటే ఎంతమంది?

రెండో పాఠం చివర ఒకే ఒక్క పని ఇచ్చాను. అప్పు చేయకుండా పెళ్ళికి పెట్టగలిగిన మొత్తాన్ని కాగితం మీద రాసి, కింద గీత గీయమన్నాను. రాయనివాళ్ళు ఇక్కడే ఆగి, ముందు అది రాసుకుని రండి. ఆ అంకె లేకపోతే ఇవాళ చేసే లెక్కకి కాళ్ళుండవు.

ఇవాళ్టి పాఠం తలల లెక్క. పెళ్ళి ఖర్చు అనగానే పూలు, బట్టలు, స్టేజీ గుర్తొస్తాయి. కానీ బిల్లు తడిసి మోపెడయ్యేది చాలాసార్లు జనం దగ్గర. ఆ జనాన్ని లెక్కపెట్టడంలోనే మనం మొదటి తప్పు చేస్తాం.

మా చెల్లెలి పెళ్ళికి నాన్న ఒక పాత డైరీ వెనక పేజీల్లో లిస్టు రాశారు. ముచ్చటైన రాత, వరస నంబర్లు. 41. పెదనాన్న వాళ్ళు. 42. అత్తయ్య వాళ్ళు. 43. పక్కింటి వాళ్ళు. అలా సాగి 96 దగ్గర ఆగింది. “వంద కూడా లేరు, ఇంకేం టెన్షన్!” అన్నారు. నేను పెన్ను తీసుకుని ఒక్కో ‘వాళ్ళు’నీ విడగొట్టడం మొదలుపెట్టాను. పెదనాన్న వాళ్ళంటే పెదనాన్న, పెద్దమ్మ, అన్నయ్య, వదిన, ఇద్దరు పిల్లలు, వదిన వాళ్ళమ్మ. ఒక్క నంబరు, ఏడు తలలు. రాత్రి పదకొండు దాటాక లెక్క 412 దగ్గర తేలింది. నాన్న నమ్మక మళ్ళీ లెక్కపెట్టుకుంటే 411 వచ్చింది. ఆ ఒక్క తేడా ఎవరిదా అని అరగంట వాదించుకున్నాం. మూడొందల పైచిలుకు మంది కొత్తగా ఎక్కడినుంచి వచ్చారన్న సంగతి మాత్రం ఎవరమూ ఎత్తలేదు.

ఈ గుణం ఒక్క మా ఇంటిది కాదు. బ్రిటిష్ రచయిత నార్త్‌కోట్ పార్కిన్సన్ 1957లో దీన్నే వేళాకోళంగా చెప్పాడు. ఆయన ఊహించిన కమిటీ అణు రియాక్టర్ ఖర్చుని రెండున్నర నిమిషాల్లో ఒప్పేసుకుంటుంది, సైకిల్ షెడ్డు గురించి మాత్రం ముప్పావు గంట కొట్టుకుంటుంది. పెళ్ళిలో రియాక్టర్ అతిథుల లిస్టు. శుభలేఖ రంగు సైకిల్ షెడ్డు.

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. మీ డబ్బు ఏ కరెన్సీలో ఉన్నా సరే, మొత్తాన్ని 1,000 పాళ్ళు అనుకోండి. అందులో 100 పాళ్ళు అనుకోని ఖర్చులకి పక్కన పెట్టేశాం (ఎందుకన్నది ఐదో పాఠంలో). ఎంతమంది వచ్చినా పెద్దగా మారని ఖర్చులు కొన్ని ఉంటాయి. హాలు 150, బట్టలు 120, ఫొటోలు 80, అలంకరణ 50, మైకూ సంగీతమూ చిల్లరా కలిపి 50. మొత్తం 450. ఇంకా మిగిలింది 450. భోజనం, నీళ్ళు, కుర్చీ, వడ్డన కలిపి తలకి 1.8 పాళ్ళు పడుతుందనుకుంటే, 450ని 1.8తో భాగించండి. 250 మంది. మీ డబ్బు మోయగలిగేది అంతే.

మీ లిస్టులో 340 మంది ఉన్నారనుకుందాం. 340 × 1.8 = 612. అంటే 162 పాళ్ళు తక్కువ పడ్డాయి. సాధారణంగా ఇంట్లో వినిపించే మొదటి మాట “పూలు తగ్గిద్దాం” అని. సరే, తగ్గించడం ఎందుకు, అలంకరణ మొత్తం తీసేయండి. ఫొటోలు కూడా వద్దనుకోండి. 50, 80 కలిపితే 130. ఉత్త గోడల మధ్య, ఒక్క ఫొటో లేకుండా పెళ్ళి చేసినా ఇంకా 32 పాళ్ళు అప్పే. అదే లిస్టులోంచి 90 మందిని తీస్తే 162 సరిగ్గా సరిపోతుంది. పైగా చిన్న హాలు చాలు కాబట్టి అక్కడా కొంత కలిసొస్తుంది.

మనుషుల్ని తీసేయడం అనేంత సులువు కాదని నాకూ తెలుసు. మొహమాటం ఉంటుంది. ఇంకో మాట కూడా ఉంది. 2014లో అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు ఇద్దరు, పెళ్ళైన 3,000 మందికి పైగా అడిగి ఒక పరిశీలన చేశారు. ఖర్చు ఎక్కువ పెట్టిన పెళ్ళిళ్ళు తెగిపోవడం ఎక్కువగా, జనం ఎక్కువగా వచ్చిన పెళ్ళిళ్ళు తెగిపోవడం తక్కువగా కనిపించింది. రెండూ కలిసి కనిపించాయన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని కాదు. అయినా జనాన్ని కోసెయ్యడమే తెలివనుకునేవాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి.

ఎవర్నీ తీయలేమంటే రెండో దారి తలసరి ఖర్చు దించడం. 1.8ని 1.3కి తేగలిగితే 340 మందికీ 442 పాళ్ళే. ఐటాల సంఖ్య తగ్గించి, ఉన్నవి కడుపునిండా పెట్టొచ్చు. రెండు పూటలకి బదులు ఒక పూట చాలించొచ్చు. భోజనాల వేళ కాని వేళలో పెట్టుకుని, తేలికపాటి ఫలహారంతో కానివ్వొచ్చు. ఎంతమంది, తలకి ఎంత అన్న రెండు పిడులూ వదిలేసి మూడోదాన్ని తిప్పితే పెద్దగా కదలదు.

ఒక మెలిక ఉంది. కొన్ని ఖర్చులు మెట్లు మెట్లుగా ఎక్కుతాయి. 40 సీట్ల బస్సుకి 41వ మనిషి రాగానే రెండో బస్సు కావాలి. హాలూ అంతే, 250కి సరిపోయేది 270కి సరిపోదు. అందుకే లిస్టుని ఏదో ఒక మెట్టుకి కాస్త కిందే ఆపండి. సరిగ్గా అంచు మీద ఆపితే, చివరి నిమిషంలో వచ్చే బంధువు ఒక్కరే రెండో బస్సు ఖరీదు చేస్తారు.

పిలిచినవాళ్ళందరూ రారు కదా అంటారా? రారు. పేర్ల పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: తప్పక వస్తారు, రావచ్చు, రారుగానీ పిలవాలి. మొదటివాళ్ళని పూర్తిగా, రెండోవాళ్ళని సగం, మూడోవాళ్ళని పదిలో ఒకరు చొప్పున వేసుకోండి. 180, 120, 80 అయితే 180 + 60 + 8 = 248. ఈ వాటాలు నేను వాడుకునే ఉజ్జాయింపు మాత్రమే. పెళ్ళికి రెండు వారాల ముందు ఫోన్ చేసి అడిగితే వచ్చే జవాబే అసలు లెక్క. కేటరింగ్ వాళ్ళని ముందే రెండు ప్రశ్నలు అడగండి. చివరి సంఖ్య ఏ తేదీకల్లా చెప్పాలి? దానికన్నా ఎక్కువమంది వస్తే ప్లేటుకి ఎంత? చెప్పిన సంఖ్యకన్నా తక్కువ వచ్చినా సాధారణంగా ఆ సంఖ్యకే బిల్లు వేస్తారు. కాబట్టి గొప్పకి పెంచి చెప్పకండి.

ఇక ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పట్టాలి. నేను అడిగేది ఒక్కటే: ఇది తర్వాత చేయించుకోవచ్చా? ఫొటోల ఖర్చులో రెండు ముక్కలున్నాయి. తీయడం ఆ రోజే జరగాలి, చెడితే మళ్ళీ రాదు. ఆల్బమ్ వచ్చే ఏడాది చేయించుకున్నా నష్టం లేదు. కాబట్టి మంచి ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చి, ఆల్బమ్‌ని ప్యాకేజీలోంచి తీసేయమనండి. మైకు కూడా అలాంటిదే. ప్రమాణాలు చెప్పుకునేటప్పుడు గరగరమంటే వెనక వరసలకి పెళ్ళి మూకీ సినిమా. కుర్చీలు, నీడ, బాత్రూములు: వీటిలో పిసినారితనం పనికిరాదు. శుభలేఖల మందం, ఒక గంట వేసుకునే రెండో జత బట్టలు, ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళని కానుకలు, వీటిలో ఎంతైనా తగ్గించండి. ఎవరూ లోటు పట్టరు. స్టేజీ వెనక పూలగోడ ఉంటే ముచ్చటే, కానీ లేని గోడ సంగతి అక్కడికొచ్చిన ఎవరికీ తెలియదు.

తేదీ మీ చేతిలో ఉంటే, గిరాకీ లేని రోజున హాలు బేరం కుదరడం తేలిక. దీనిమీద ఇంతకన్నా చెప్పేదేం లేదు.

ఈ వారం పని: ఇంట్లో అందరూ కూర్చుని లిస్టుని తలల వారీగా రాయండి. పిల్లల్ని, తోడొచ్చేవాళ్ళని కూడా. పూర్తయ్యాక మొదటినుంచి చదివి, ‘వాళ్ళు’ అన్న మాట ఎక్కడ మిగిలినా అక్కడ పేర్లు నింపండి. తర్వాత 1,000 పాళ్ళ లెక్కలో మీ అంకెలు వేసి, తలకి ఎంత పడుతుందో మార్జిన్‌లో రాసుకోండి. నాలుగో పాఠంలో కోటేషన్లు చదవడం మొదలుపెడతాం. ఆ మార్జిన్‌లో అంకె మొదటి పేజీలోనే కావాలి.