మొదటి బ్యాచ్ బీరు: రుచి చూడటం, లోపం పట్టుకోవడం, రెండోసారి సరిచేయడం

ఇంట్లో తయారుచేసిన బీరును సీసాల్లో నింపిన నాలుగో రోజునే మూత తీస్తే తెలిసేదేమీ ఉండదు. అప్పటికి గ్యాస్ సరిగ్గా పట్టదు, ఈస్ట్ (చక్కెరను పులిపించి ఆల్కహాల్, గ్యాస్‌గా మార్చే సూక్ష్మజీవి) పని ఇంకా మిగిలే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర, చీకటి గదిలో రెండు వారాలు ఆగండి. మూడు వారాలైతే ఇంకా మంచిది. రుచి చూసే ముందు రోజు రెండు మూడు సీసాలను ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి. చల్లబడితే గ్యాస్ బీరులో బాగా కరుగుతుంది, మడ్డి అడుగున గట్టిగా పేరుకుంటుంది.

గ్లాసుకు సబ్బు వాసన గానీ జిడ్డు గానీ ఉంటే నురగ నిలవదు, తప్పు బీరు మీదికి పోతుంది. అందుకే గ్లాసును వేడినీళ్లతో బాగా తొలిచి ఆరనివ్వండి. గ్లాసు వంచి ఒకే ధారలో పోయండి. మధ్యలో ఆపి సీసాను నిలబెడితే మడ్డి లేస్తుంది. చివర రెండు సెంటీమీటర్ల బీరు సీసాలోనే వదిలేయండి. పోశాక పది నిమిషాలు ఆగి, 8 నుంచి 12 డిగ్రీల మధ్య రుచి చూడండి. మరీ చల్లగా తాగితే లోపాలు దాక్కుంటాయి, ఇప్పుడు మనకు కావలసింది వాటిని బయటపెట్టడమే.

ముందు వాసన చూడాలి. ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది కాబట్టి రెండు మూడు సార్లు పొట్టిగా పీల్చి, తోచిన మాట వెంటనే రాసుకోండి. తర్వాత ఒక గుక్క నోరంతా తిప్పి మింగండి, మింగాక నోట్లో ఏం మిగిలిందో గమనించండి. నాలుక వెనక నిలిచేది చేదు. చిగుళ్లు, బుగ్గలు ఎండినట్టు పట్టేస్తే అది వగరు. ఈ రెండింటికీ కారణాలు వేరు, మందులు వేరు. అదే రకం దుకాణపు బీరు ఒకటి పక్కన పెట్టుకుంటే పోల్చడం తేలిక.

మొదటి బ్యాచ్‌లో దొరికే లోపాల్లో ఎక్కువ భాగం రెసిపీవి కావు, పులిసేటప్పటి వేడివి. మాల్టో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలు), హాప్సో (చేదు, వాసన ఇచ్చే పూలు) మార్చాలని మనసు లాగుతుంది గానీ, ముందు చూడాల్సింది థర్మామీటర్. ఈస్ట్ పనిచేస్తుంటే వేడి పుడుతుంది. గది 22 డిగ్రీలుంటే పాత్ర లోపల 25 దాటొచ్చు. అలాంటప్పుడు ఘాటైన ఆల్కహాల్‌లు, ఎస్టర్లనే వాసన పదార్థాలు తయారై గొంతులో మంటగా, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనగా తేలతాయి. సాధారణ ఏల్ (గదివేడికి దగ్గరలో పులిసే బీరు రకం) ఈస్ట్‌కు లోపలి వేడి 18 నుంచి 20 డిగ్రీలు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనవి మొదటి మూడు రోజులు. పాత్రను నీళ్ల టబ్బులో నిలబెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలను ఉదయం, సాయంత్రం మారుస్తుంటే చాలావరకు అదుపులో ఉంటుంది. వోర్ట్ (మాల్ట్ నుంచి తీసి మరిగించిన, ఇంకా పులియని తియ్యటి ద్రవం) 20 డిగ్రీలకు దిగకముందే ఈస్ట్ వేయకండి. 20 లీటర్లకు 11 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్ మొత్తం వేయండి.

పచ్చి ఆపిల్ వాసన వస్తే అది ఎసిటాల్డిహైడ్. వెన్న, బటర్‌స్కాచ్ వాసన వస్తే డయాసిటైల్. రెండూ ఈస్ట్ దారిలో పుట్టించేవే, సమయమిస్తే చాలావరకు తానే తినేస్తుంది. తొందరపడి సీసాల్లోకి దించడమే అసలు కారణం. ఇప్పటికే నింపిన సీసాలను మరో రెండు వారాలు గదివేడిలో ఉంచితే తగ్గే అవకాశం ఉంది. వెన్న వాసన తగ్గకపోగా పెరుగుతూ, పులుపు కూడా తోడైతే అది బ్యాక్టీరియా పని. తర్వాతి బ్యాచ్‌కు సీసాల్లో నింపేముందు ఒక పరీక్ష చేయండి: రెండు చిన్న గ్లాసుల్లో బీరు తీసుకుని, ఒకదాన్ని మూతపెట్టి 65 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. రెండూ ఒకే చల్లదనానికి వచ్చాక వాసన చూడండి. వేడిచేసినదాంట్లో వెన్న తేలితే పాత్రను 20 డిగ్రీల దగ్గర ఇంకో మూడు రోజులు వదిలేయండి.

బ్యాండ్‌ఎయిడ్ లాంటి, ఆసుపత్రిని గుర్తుచేసే వాసనకు మూలం ఎక్కువగా కుళాయి నీళ్లలోని క్లోరిన్. బ్లీచింగ్‌తో కడిగి సరిగ్గా తొలవకపోయినా ఇదే వస్తుంది. కొన్ని చోట్ల నీళ్లలో క్లోరిన్ బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడేది) కలుపుతారు, అది మామూలుగా మరిగిస్తే సులువుగా పోదు. క్యాంప్‌డెన్ మాత్ర (సల్ఫైట్ మాత్ర) ఒకటి సుమారు 75 లీటర్లకు సరిపోతుంది. 20 లీటర్లకు పావు మాత్ర నలిపి కలిపితే నిమిషాల్లో రెండూ పోతాయి. ఈ లోపం సీసాలో చేరాక మాత్రం తీసే మార్గం లేదు.

ఉడికిన మొక్కజొన్న వాసన లేతరంగు మాల్ట్ నుంచి వస్తుంది. మూత తీసి గంటసేపు (బాగా లేతరంగుండే పిల్స్‌నర్ మాల్ట్ అయితే 90 నిమిషాలు) బలంగా మరిగించి, త్వరగా చల్లార్చండి. తడి అట్టపెట్టె రుచి గాలి తగిలినందుకు. నింపేటప్పుడు గొట్టం సీసా అడుగుదాకా దించితే బీరు చిమ్మదు. స్కంక్ (దుర్వాసన చిమ్మే జంతువు) కంపు వెలుతురు వల్ల వస్తుంది, గోధుమరంగు సీసాలు వాడండి. వగరుకు కారణం గింజలను 77 డిగ్రీలకు మించిన నీళ్లలో నానబెట్టడమో, ఆ వేడి నీళ్లతో కడగడమో కావచ్చు. బీరు పలచగా, తీపి ఏమాత్రం లేకుండా ఉంటే కిలోల కొద్దీ కలిపిన చక్కెరను సందేహించండి, దాని స్థానంలో పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ రసాన్ని ఎండబెట్టిన పొడి) వేయండి.

బీరు తియ్యగా ఉందా? హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచే పరికరం, చక్కెర పులిసేకొద్దీ అంకె దిగుతుంది) చూడండి. 1.050తో మొదలైన బీరు సాధారణంగా 1.010 నుంచి 1.014 దాకా దిగాలి. 1.020 దగ్గర ఆగిందంటే పులియడం పూర్తికాలేదు. మూడు రోజుల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకేలా, ఆశించిన అంకె దగ్గర ఉన్నప్పుడే సీసాలు నింపండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు: మిగిలిన చక్కెర సీసాలో పులిస్తే గాజు పేలుతుంది. మూత తీయగానే నురగ పైకి ఉబికి పొంగితే మిగతా సీసాలన్నిటినీ, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ఫ్రిజ్‌లోకి చేర్చండి. చల్లబడ్డాక మూతలు కొద్దిగా ఎత్తి గ్యాస్ వదలండి. ఒకటి రెండు సీసాలే పొంగి మిగతావి బాగుంటే ఆ సీసాలు సరిగ్గా శుభ్రపడలేదని అర్థం. మెడ లోపల తెల్లటి వలయం కనిపిస్తుందేమో చూడండి. గ్యాస్ కోసం 20 లీటర్లకు 120 గ్రాముల చక్కెర, తూకం వేసి, మరిగించి, మొత్తం బీరులో సమంగా కలపాలి. చెంచాతో ఒక్కో సీసాలో వేస్తే ఒకటి చప్పగా, ఇంకొకటి పొంగుతూ వస్తాయి.

రెండో బ్యాచ్‌కు అదే రెసిపీ, అదే ఈస్ట్ తీసుకుని ఒక్కటే మార్చండి. వేడి, నీళ్లు, హాప్స్ అన్నీ ఒకేసారి మార్చితే బాగుపడినా దేనివల్లో తెలియదు. మొదటి బ్యాచ్ నుంచి నాలుగు సీసాలు చల్లటి చీకట్లో దాచుకోండి. రెండోది సిద్ధమయ్యాక ఇంకొకరి చేత మూడు గ్లాసుల్లో పోయించుకోండి, రెండింటిలో ఒక బ్యాచ్, మూడోదాంట్లో మరొకటి. ఏది ఏదో మీకు చెప్పకూడదు. వేరుగా ఉన్న గ్లాసును పట్టుకోగలిగారో లేదో చూడండి. ఊహతోనూ మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి, గ్లాసుల వరస మార్చి మార్చి ఐదారు సార్లు చేయండి. మొదటి బ్యాచ్ సీసాలు పాతబడి ఉంటాయన్నది కూడా లెక్కలో పెట్టుకోండి.