టర్బో సి కొత్త విండోస్‌లో నడవకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: డబుల్ క్లిక్ చేస్తే, ఈ యాప్ మీ పీసీలో నడవదని మెసేజ్ వస్తోంది

ఫైల్ పాడైందనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి. సి ప్రోగ్రామ్‌లు రాసి నడిపే టర్బో సి, డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన 16-బిట్ ప్రోగ్రామ్. అలాంటివాటిని 32-బిట్ విండోస్‌లో ఎన్‌టీవీడీఎం అనే భాగం నడిపేది. 64-బిట్ విండోస్‌లో అది లేదు, విండోస్ 11కి 32-బిట్ ఎడిషనే లేదు. కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఎక్స్‌పీ అని మార్చినా, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసినా ఫలితం ఉండదు.

డాస్‌బాక్స్ ఇన్‌స్టాల్ చేసుకోండి. అది పాత కంప్యూటర్ మొత్తాన్నీ సాఫ్ట్‌వేర్‌లో నటించి చూపిస్తుంది. మౌంట్ కమాండ్‌తో మీ ఫోల్డర్‌ని దానికి సి డ్రైవ్‌గా చూపించి, అందులోంచి టర్బో సి నడపండి.

సమస్య: తెరుచుకుంది, కానీ ఎస్‌టీడీఐఓ (stdio.h) హెడర్ దొరకలేదంటోంది

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. తప్పు మీ ప్రోగ్రామ్‌లో కాదు, పాత్‌లో (ఫోల్డర్ చిరునామాలో) ఉంటుంది. ఆప్షన్స్ మెనూలో డైరెక్టరీస్ తెరిస్తే, ఇన్‌క్లూడ్ ఫోల్డర్ సి డ్రైవ్‌లోని టర్బోసి3 లోపల ఉన్నట్టు రాసి ఉంటుంది. మీరు టర్బోసి3 ఫోల్డర్‌నే సి డ్రైవ్‌గా మౌంట్ చేస్తే, లోపల ఆ పేరుతో ఫోల్డర్ ఉండదు కదా. దాని పై ఫోల్డర్‌ని మౌంట్ చేయండి, లేదా ఇన్‌క్లూడ్, లిబ్ పాత్‌లు రెండూ సరిదిద్దండి.

సమస్య: నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన ఫైల్ లోపల కనిపించడం లేదు

డాస్‌బాక్స్ ఫోల్డర్ లిస్టును గుర్తుపెట్టుకుని పాతదే చూపిస్తుంది. కంట్రోల్, ఎఫ్4 కలిపి నొక్కండి. ఫైల్ పేరు 8 అక్షరాలకు మించకుండా చూసుకోండి.

మౌస్ విండోలో ఇరుక్కుంటే కంట్రోల్, ఎఫ్10.

సమస్య: ఒకే ప్రోగ్రామ్, కొత్త కంపైలర్‌లో వేరే జవాబు

8 ఫ్యాక్టోరియల్ 40320 రావాలి. టర్బో సిలో ఇంట్ (పూర్ణసంఖ్యల రకం) వాడితే -25216 వస్తుంది! అక్కడ ఇంట్ 16 బిట్లే, 32767 దాటితే రుణ సంఖ్యల్లోకి తిరుగుతుంది. జీసీసీ అనే కొత్త కంపైలర్‌లో ఇంట్ 32 బిట్లు కాబట్టి సరిగ్గా వస్తుంది. పాతదాంట్లోనే నడపాలంటే లాంగ్ వాడి, ప్రింట్ఎఫ్‌లో ఫార్మాట్ కూడా దానికి తగ్గట్టు మార్చండి.

ఇక క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్ లైన్లు లైనక్స్‌లో ఎర్రర్ ఇస్తాయి. వాటికి కావలసిన కోనియో హెడర్ డాస్ కాలపు సరుకు. ఆ లైన్లు, కోనియో హెడర్ లైనూ తీసేస్తే చాలా ల్యాబ్ ప్రోగ్రామ్‌లకు నష్టమేమీ లేదు. ల్యాబ్ పరీక్షలో టర్బో సి తప్పనిసరి కాకపోతే, డాస్‌బాక్స్ జోలికి పోకుండా సోర్స్ కోడ్‌నే జీసీసీకి మార్చుకోవడం మేలు.