ఐవీ అంకె వచ్చింది సరే, లబ్ధి ఎవరికి?

సమస్య: సాధారణ రిగ్రెషన్‌లో పథకం ప్రభావం అంతంతమాత్రం. ఇన్‌స్ట్రుమెంట్ (లాటరీలా, పథకంలో చేరికను మార్చి, ఫలితాన్ని నేరుగా తాకనిది) పెట్టి ఐవీ పద్ధతిలో లెక్కించగానే అదే అంకె రెండు మూడింతలైంది.

కారణం: ముందు ఫస్ట్ స్టేజ్ చూడండి, అంటే ఇన్‌స్ట్రుమెంట్ వల్ల పథకంలో చేరిక ఎంత మారిందో. దాని బలాన్ని కొలిచే ఎఫ్ విలువ 10 దాటితే చాలనే పాత లెక్కను నేను నమ్మను. ఇన్‌స్ట్రుమెంట్ ఒక్కటే అయితే, 1.96 హద్దుతో 5 శాతం పరీక్ష నిలబడాలంటే 104.7 దాటాలి. అంత లేకపోతే ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమైనా చెల్లే ఆండర్సన్–రూబిన్ విశ్వాస వ్యవధి వేసుకోండి.

అక్కడ లోపం లేకపోతే రెండు అంకెలూ ఒకే మనుషులవి కాకపోవచ్చు. ఆర్థికవేత్తలు ఇంబెన్స్, ఆంగ్రిస్ట్ 1994లో చూపించింది ఇదే: ఇన్‌స్ట్రుమెంట్ వల్ల ఎవరి నిర్ణయం మారిందో, ఐవీ చెప్పేది వాళ్ల సగటే. వీళ్లే కంప్లయర్లు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2008లో మెడికెయిడ్ అనే, పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమాకు లాటరీ తీసింది. పేరు వచ్చినవాళ్లలో చాలామంది దరఖాస్తే పంపలేదు, పంపినవాళ్లలో కొందరికి అర్హత లేదు. చివరికి గెలుపు వల్ల బీమా పొందినవారి వాటా పెరిగింది సుమారు 25 శాతం పాయింట్లే. లాటరీతో లెక్కించిన ప్రభావం ఆ పావు వంతు జనానిది. మిగతా ముప్పావు గురించి అది నోరు విప్పదు.

పరిష్కారం: కంప్లయర్లు ఫలానా అని వేలెత్తి చూపలేం, కానీ వాళ్ల తీరు లెక్కకట్టవచ్చు. ఫస్ట్ స్టేజ్‌ను గుంపులవారీగా నడిపి, మొత్తం ఫస్ట్ స్టేజ్‌తో భాగించండి. ఉదాహరణకు మొత్తానికి 0.25, యాభై దాటినవాళ్లలో 0.35 వచ్చిందనుకుందాం. 0.35ను 0.25తో భాగిస్తే 1.4. అంటే కంప్లయర్లలో వాళ్ల వాటా, మొత్తం జనాభాలో వాళ్ల వాటాకు 1.4 రెట్లు. ఈ పట్టిక లేకుండా "పథకం పేదలకు మేలు చేసింది" అని రాసే పేపర్లను నేను అక్కడే పక్కన పెడతాను.

సమస్య: లాటరీయే కదా, అయినా గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఒకేలా లేరు.

కారణం: గెలిచే అవకాశం అందరికీ సమానం కాదు. ఒరెగాన్‌లో ఒకరి పేరు వస్తే ఇంట్లోవాళ్లంతా దరఖాస్తు చేసుకోవచ్చు. జాబితాలో ఎక్కువమంది ఉన్న ఇంటికి అవకాశం ఎక్కువ.

పరిష్కారం: జాబితాలో ఇంటికి ఎందరున్నారో రిగ్రెషన్‌లో డమ్మీలుగా (ఒక్కో సంఖ్యకు అవును/కాదు అనే 1/0 గుర్తు) పెట్టండి. అప్పటికీ తేడా పోకపోతేనే వేరే అనుమానాలు.

సమస్య: మంచి పథకమే, ప్రభావం మాత్రం చిన్నగా ఉంది.

కారణం: సీటు రాని పిల్లలు ఇంట్లోనే ఉన్నారని అనుకుంటున్నారు. అమెరికాలో పేద పిల్లల ప్రీస్కూల్ పథకమైన హెడ్ స్టార్ట్ మీద జరిగిన ప్రయోగంలో కంప్లయర్లలో దాదాపు మూడో వంతు, ఆఫర్ రాకపోతే వేరే ప్రీస్కూల్‌కు వెళ్లేవాళ్లే. ఆ బడుల్లో చాలావాటికి కూడా ప్రభుత్వ సొమ్మే అందుతుంది.

పరిష్కారం: పథకంలో ఉన్నారా లేదా అనే రెండు గడులు చాలవు, మూడో గడి కలపండి. ఆఫర్ వల్ల "వేరే బడి" వాటా ఎంత తగ్గిందో చూసి, దాన్ని ఫస్ట్ స్టేజ్‌తో భాగించండి. ఖర్చు లెక్కలోనూ ఆ బడుల్లో ఆదా అయిన సొమ్మును తీసేయాలి.